తాడు లోపల చోటు

హాల్లో బల్లలన్నీ గోడలవైపు జరిపించి, ఆమె తాళ్ళ చుట్టలు విప్పింది. ఒక్కో తాడూ ఒక్కో గుడారం. గుడారం నేల ఎంత ఉంటుందో అంత మేర తాడు పరిచి, మూలల్ని బూటు కొనతో తొక్కి సరిచేస్తూ వెనక్కి నడుస్తుంటే, గోడవారగా నిలబడ్డ మిగతా దళాల పెద్దలు మెడలు చాచి చూస్తున్నారు.

సెలవుల్లో జరగబోయే పెద్ద క్యాంపుకు చుట్టుపక్కల ఊళ్ళ స్కౌటు పిల్లలంతా వస్తున్నారు. ఏర్పాట్లన్నిటికీ పెద్ద ఆమె. ఏ క్యాంపులోనైనా ఏడుపులు మొదలయ్యేది ఒక్కచోటే: ఎవరు ఎవరితో ఒకే గుడారంలో పడుకోవాలన్న దగ్గర. ఆమె నడిపే అమ్మాయిల దళంలో మాత్రం ఎవరూ ఏడవరని పేరు. ఆ కిటుకేమిటో కళ్ళారా చూసి నేర్చుకుపోదామని వీళ్ళంతా వచ్చారు.

"కిటుకేం లేదండీ," అందామె ఈల మెడలో వేసుకుంటూ. "మనం సర్దితే అలుగుతారు. వాళ్ళే సర్దుకుంటే ఎవరిమీద అలుగుతారు? తాడులో ఆరుగురు పడతారు. చోటుంటే ఎవర్నీ వద్దనకూడదు. నా నియమం ఇదొక్కటే."

"ఆవిడ అలాగే అంటారు," అన్నాడు సామాన్ల గది చూసే పెద్దాయన, చివరి తాడు చుట్ట అందిస్తూ. ఒకప్పుడు బస్సు నడిపినవాడు. పిల్లలంతా మామయ్యా అంటారు. "అసలు సంగతి అది కాదు. ఏ పిల్ల కడుపులో ఏముందో ఎక్స్‌రే తీసినట్టు చెప్పేస్తారీవిడ. మా మేడమ్ దగ్గర పప్పులుడకవు."

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ మాట ఆమెకిష్టం.

ఈల మోగింది. అమ్మాయిలు సీతాకోకచిలుకల్లా ఎగిరిపోతారని ఆమె వచ్చినవాళ్ళకు ముందే చెప్పింది. అలాగే పరిగెత్తారు. బూట్ల చప్పుడుతో నేల చెక్కలు దడదడలాడాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకు లాక్కుంటూ, తాళ్ళ మీదుగా దూకుతూ, క్షణంలో అన్ని తాళ్ళూ నిండాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

ఒక్కతే మధ్యలో నిలబడి ఉంది. ఆమె కూతురు.

ఆ పిల్ల పరిగెత్తలేదు. ఓ చిన్న జట్టుకు నాయకురాలు కనుక తన చోటు తనకుంటుందన్న ధీమాతో తాపీగా నడిచింది. కిటికీ దగ్గర తాడులో ఐదుగురే ఉన్నారు. అందులో పిచ్చుక ఉంది. మనిషి పిడికెడంతే, మాటలు మాత్రం బస్తాడు. అందుకే ఆ పేరు. కూతురు ఆ తాడు దగ్గరకు వచ్చేసరికి, బాసిపట్టు వేసుకుని కూర్చున్న పిచ్చుక మెల్లగా కాళ్ళు చాపుకుంది. పక్కనున్న అమ్మాయి తన సంచి తీసి ఖాళీలో పెట్టింది. ఇంకో అమ్మాయి వెల్లకిలా పడుకుంది.

"నిండిపోయింది," అంది పిచ్చుక.

కూతురు ఇంకో తాడు దగ్గరకు వెళ్ళింది. అక్కడా మోకాళ్ళు వెడల్పయ్యాయి. మరో తాడు. అక్కడా అంతే. ఎవరూ వద్దనలేదు. అమ్మ పెట్టిన నియమం ఎవరూ తప్పలేదు. చోటు లేకుండా చేసుకున్నారు, అంతే.

అన్నిటికన్నా ఆమె మనసుకు తగిలింది ఒకటి: ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంటెతనం అనుకోవచ్చు. అన్ని మొహాలూ పరీక్ష రాస్తున్నంత గంభీరంగా ఉన్నాయి. అందరిలోకీ ఎత్తైన అమ్మాయి ఒకతె, అందరూ నిట్రాట అని పిలిచే పిల్ల, పిచ్చుక పక్కన తలొంచుకుని మేజోడు అంచు లాక్కుంటోంది.

ఆమె నోట్లో ఈల ఉంది. దాని ఇనుము రుచి నాలుకకు తెలుస్తోంది. ఊదాలి. ఊదకుండానే నోట్లోంచి తీసేసింది.

"ఎవరండీ ఆ పిల్ల? పాపం," అంది పక్కన నిలబడ్డ పొరుగు దళం ఆవిడ, మెల్లగా.

"ఓ జట్టుకి నాయకురాలు," అందామె.

అన్నాకగాని తనేమన్నదీ తన చెవికి చేరలేదు. మా అమ్మాయి అనలేదు. ఎందుకనలేదో తెలియదు. నోరు తనకన్నా ముందే ఏదో నిర్ణయించుకుంది. కూతురు అటే చూస్తోంది. అంత దూరానికి మాట వినిపించి ఉండకూడదు. కానీ పెదవుల కదలిక కనిపించే దూరమే.

ఈల గట్టిగా మోగింది. "ఇవాళ్టికి చాలు. తాళ్ళు చుట్టండి."

*

వాళ్ళిద్దరి మధ్య ఒక అలవాటుంది. హాలు గుమ్మం లోపల కూతురు ఆమెను అందరిలాగే మేడమ్ అంటుంది. గుమ్మం దాటి వీధిలో పడగానే అమ్మ అవుతుంది. ఆ రోజు వీధి పొడుగునా ఆ పిల్ల ఏమీ అనలేదు. వీధి దీపాలు వెలుగుతున్నాయి. మందుల కొట్టతను షట్టరు దించుతూ పలకరిస్తే ఇద్దరూ తలలూపారు.

రైల్లో గార్డుగా చేసే భర్త డ్యూటీ మీద వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరే. రోజూ ఈ వేళకు ఆమె భోజనాల బల్ల మీద క్యాంపు పటం పరుచుకుని పెన్నుతో గీతలు గీస్తుంటుంది. కూతురు ఎదురుగా కూర్చుని, తింటూ, ఆ రోజు ఎవరు ఎవరితో ఏమన్నారో చెబుతుంటుంది. ఈ కాసేపూ ఆమెకు రోజంతటిలోకీ ఇష్టమైన సమయం. పిల్లలతో పనిచేసేవాళ్ళకు ఇలాంటి కిటికీ ఒకటి ఉండటం అదృష్టమని చాలాసార్లు అనుకుంది కూడా.

ఇవాళ కంచంలో చెంచా చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఏమైంది తల్లీ? నీకూ వాళ్ళకీ ఏమైనా గొడవా?"

"లేదు."

"మరి ఎందుకలా చేశారు?"

కూతురు కంచంలోకి చూస్తూ చెంచా పక్కన పెట్టింది.

"తెలీదు మేడమ్," అంది.

తర్వాత కంచం తీసుకుని లేచి, కడిగి, బోర్లించి, గదిలోకి వెళ్ళిపోయింది. ఆ మాటలో వెటకారం ఉంటే ఆమె కోప్పడేది. లేదు. హాల్లో ఎలా అంటుందో అలాగే, మర్యాదగా అంది. ఇంట్లో, చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి.

ఆమె బల్ల ముందు అలాగే కూర్చుండిపోయింది. దిగ్భ్రమకు ఒక గుణం ఉంది. అది ఎక్కువసేపు ఖాళీగా ఉండలేదు. తనను నింపడానికి ఏదో ఒకటి వెతుక్కుంటుంది. కాసేపటికల్లా దానికి కోపం దొరికింది. అసూయ, అనుకుంది. దళం పెద్దకి కూతురని వాళ్ళకి ఏడుపు. దీనికంతటికీ ఒక మూలం ఉంటుంది, ఆ మూలమే మొట్టమొదట కాళ్ళు చాపింది. పిచ్చుక.

*

మర్నాటి సాయంత్రం సామాన్ల గదిలో ముగ్గురు కూర్చున్నారు: ఆమె, బస్సు మామయ్య, క్యాంపులో ప్రథమ చికిత్స చూసే నర్సు. బల్ల మీద క్యాంపు మైదానం ఉంది. అగ్గిపెట్టెలు గుడారాలు, గాజు గ్లాసు నీళ్ళ ట్యాంకు, తాళం చెవి వంటశాల.

"గాలి ఇటు నుంచి వస్తుంది," అన్నాడు మామయ్య, బల్ల అంచున నోటితో ఊదుతూ. "పొయ్యిలు ఇక్కడ పెడితే పొగంతా పిల్లల కళ్ళల్లోకే. రాత్రి కూరకి ఏడ్చారో, ఇంటి మీద బెంగతో ఏడ్చారో తెలీదు."

తాళం చెవి బల్ల అటు చివరికి జరిగింది. మరుగుదొడ్లకు గోతులు ఎక్కడ తవ్వాలి, వాన పడితే నీరు ఏ వాలున పోతుంది, చీకట్లో దారి తెలియడానికి తాడు ఏ చెట్టు నుంచి ఏ చెట్టుకి కట్టాలి, ఒక్కొక్కటే తేలుతోంది. ఈ పని ఆమె చేతులకు బాగా తెలుసు. చేతులు పని చేస్తుంటే మనసు కాస్త కుదుటపడింది. అగ్గిపెట్టెల్ని వరసగా పేరుస్తూ, ఒకదాన్ని తీసుకెళ్ళి చెత్తగుంట పక్కన పెట్టింది.

నర్సు ఆ పెట్టెను చూసింది. "అదెవరిది?"

"కిటికీ దగ్గర కూర్చున్న జట్టు."

"అక్కడ ఈగలు ముసురుతాయి మేడమ్."

"ఎవరో ఒకరు ఉండాలిగా."

నర్సు పెట్టెను రెండు వేళ్ళతో ఎత్తి, చేతిలోనే ఉంచుకుంది. నెమ్మదైన మనిషి. సూది గుచ్చే ముందు పిల్లలతో మాట్లాడే గొంతుతోనే పెద్దవాళ్ళతోనూ మాట్లాడుతుంది.

"ఒకటడుగుతాను, ఏమీ అనుకోరుగా? మొన్న గుట్ట దగ్గర ఒక రాత్రి ఉండటానికి వెళ్ళినప్పుడు, మీరు నిట్రాటకి గుడారం తలుపు పక్కన చోటిచ్చారు."

"అవును. రాత్రి లేచి వెళ్ళడానికి వీలుగా ఉంటుందని. మంచికేగా? మెల్లగానే చెప్పాను కూడా."

"మెల్లగానే చెప్పారు. ఆ పిల్ల రాత్రి పక్క తడుపుతుందని వాళ్ళమ్మ నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. నేను మీకు చెప్పలేదు." నర్సు అగ్గిపెట్టెను ఆమె ముందు పెట్టింది. "మీకెలా తెలిసింది?"

"నాకు తెలుస్తుంటాయి," అందామె అలవాటుగా. ఆ మాట నోటి నుంచి బయటకు వచ్చి, బల్ల మీద పడి, అక్కడే ఉండిపోయినట్టనిపించింది. మామయ్య దగ్గి, గ్లాసులో నీళ్ళు తాగేశాడు. నీళ్ళ ట్యాంకు ఖాళీ అయిందని ఎవరూ జోకు వెయ్యలేదు.

*

పిచ్చుక మర్నాడు బడి అయ్యాక వచ్చింది. గుడారం మేకుల మట్టి గీకడానికి సాయం కావాలని ఆమే పిలిపించింది. ఇద్దరూ గది మెట్ల మీద కూర్చుని, మేకుల్ని పాత కత్తితో గీకి, నూనె గుడ్డతో తుడుస్తున్నారు. ఎప్పుడూ కిచకిచలాడే పిల్ల ఇవాళ కుక్కిన పేనులా ఉంది.

"మొన్న మీ తాడులో చోటుంది," అందామె మేకు మీంచి కళ్ళెత్తకుండా.

"ఉంది మేడమ్."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆమె అనుకోలేదు. సిద్ధం చేసుకున్న మాటలు చెదిరిపోయాయి.

"మరి?"

"చెప్పకూడదు మేడమ్."

"నాకా?"

"మీకే."

మేకు మీద కత్తి ఆగింది. పిచ్చుక గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఈ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు. కానీ ఇప్పుడు మాట్లాడుతున్నది నోరు ఆగక కాదని ఆమెకు అర్థమైంది.

"జట్టు నాయకుల సభలో మాట సభలోనే ఉండాలని మీరే చెప్పారు కదా. మీరు కూడా లోపలికి రారు. తలుపేసుకుంటాం. నిట్రాట ఒక రోజు సభలో తనే చెప్పింది మేడమ్, ఏడ్చింది కూడా. రాత్రి తనకి మెలకువ రాదంట. నేను లేపుతానన్నాను. నాకు కుక్క నిద్ర. అక్కడితో అయిపోయింది. ఎవరం ఎవరికీ చెప్పలేదు. తర్వాత గుట్ట దగ్గర మీరొచ్చి, తలుపు పక్కన పడుకో అమ్మా, లేవడానికి వీలుగా ఉంటుందన్నారు. అది తెల్లబోయింది. ఎవరు చెప్పారని మేం ఒకరినొకరు చూసుకున్నాం. మళ్ళీ అనుకున్నాం, ఇందులో కనుక్కునేదేముందని."

ఆమె కత్తి మెట్టు మీద పెట్టింది.

"అదొక్కటే కాదు మేడమ్. ఇంకోసారి, వాళ్ళ నాన్నకి ఉద్యోగం పోయిందని చెప్పినమ్మాయికి మీరు పాత బూట్ల జత ఇచ్చారు. చీకటంటే భయమన్నదానికి టార్చి ఇచ్చారు. అన్నీ మంచివే. కానీ మాకు ఏదైనా చెప్పుకోవాలంటే భయమేస్తోంది. చెబితే మీకు తెలిసిపోతుంది, మీరు మంచి చేసేస్తారు."

ఆ చివరి మాటలో ఎగతాళి లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. ఒక చెంప మీద మట్టి అంటుకుని ఉంది.

"నా మీద కోపంగా ఉందా మీకు?"

"లేదు మేడమ్. మీరు పెద్దవాళ్ళు, అడుగుతారు. మీ అమ్మాయే చెప్పకుండా ఉండాల్సింది." మేకు మీద నూనె గుడ్డ తిప్పుతూ అంది, "నిట్రాట క్యాంపుకి రానంటోంది. కడుపునొప్పని చెప్తుందంట ఇంట్లో. ఇది మాత్రం చెప్పమని అదే చెప్పింది, లేకపోతే మీరు వాళ్ళింటికెళ్ళి బతిమాలతారని."

పిచ్చుక వెళ్ళాక కూడా ఆమె మెట్ల మీదే కూర్చుంది. ఎక్స్‌రే. ఆ మాట విన్నప్పుడల్లా తను నవ్వి ఊరుకోవడం గుర్తొచ్చింది. తనకేదో చూపు ఉందనే నమ్మింది, నిజంగానే నమ్మింది. పిల్లల మొహాలు చూసే కనిపెడుతున్నాననుకుంది. భోజనాల బల్ల దగ్గర విన్నది మర్నాటికి తన సొంత జ్ఞానంగా ఎలా మారిపోయేదో! విన్న గొంతు చెరిగిపోయేది, తెలిసిన సంగతి మిగిలేది. అలా మిగిలిన ప్రతిదాన్నీ తీసుకెళ్ళి ఒక దయగా ఎవరికో చేతిలో పెట్టింది. అందుకున్న ప్రతి పిల్లా ఆ దయ వెనక అడుగులు చూసుకుంటూ వస్తే, ఆ అడుగులు తిన్నగా తన ఇంటికే వస్తాయి. తన ఇంట్లో, తన కూతురి కుర్చీ దగ్గరకు.

చేతిలో మేకు చల్లగా ఉంది. ఎంతసేపుగా పట్టుకుందో, అరచేతిలో దాని గుర్తు పడింది.

*

కూతురు మంచం మీద కూర్చుని చొక్కా జేబు కుట్టుకుంటోంది. ఆమె గుమ్మంలో ఆగింది. లోపలికి వెళ్ళాలా వద్దా అన్న సందేహం ఈ ఇంట్లో ఇదే మొదటిసారి.

"సభలో మాట బయట చెప్పకూడదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పావమ్మా?"

"నువ్వు అడిగావు."

"నేనా? నేనెప్పుడు..."

"రోజూ." సూది గుడ్డలోంచి పైకొచ్చింది, మళ్ళీ దిగింది. "ఇవాళ పిల్లలు ఏమంటున్నారు అంటావు. తినడానికి కూర్చోగానే."

"ఊరికే అడుగుతాను, కబుర్లకి. నువ్వు నీ సంగతులు చెప్పొచ్చుగా?"

కూతురు తలెత్తింది. ఆ చూపులో నింద లేదు, ఆశ్చర్యం ఉంది. అందరికీ తెలిసిందే అమ్మకి తెలియదేమిటన్నట్టు.

"చెప్పేదాన్ని. నా సంగతులు చెప్తే నువ్వు గీసుకుంటూ ఊఁ కొడతావు. వాళ్ళ సంగతులు చెప్తే పెన్ను కింద పెడతావు."

ఇంకేమైనా అంటుందేమోనని ఆమె ఎదురుచూసింది. అంతే. ఆ పిల్ల ముడి వేసి దారం కొరికింది. ఎప్పుడో తెలుసుకుని, అలవాటుపడి, దానికి తగ్గట్టు బతకడం నేర్చుకున్న సంగతిని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమె ద్వారబంధం పట్టుకుంది. కాదని అందామని వెతికింది. కూతురు తన గురించి చివరిసారి ఏం చెప్పిందో ఒక్కటి, ఒక్కటైనా గుర్తుతెచ్చుకుంటే చాలు. గుర్తుకొచ్చినవన్నీ ఇతరుల పిల్లల సంగతులు.

"నేను క్యాంపుకి రాను," అంది కూతురు.

"నేను వాళ్ళతో మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను. రేపే అందర్నీ..."

"వద్దు!" ఆ పిల్ల గొంతు మొదటిసారి లేచింది. "నువ్వు మాట్లాడితే, నేను ఇంటికొచ్చి ఇది కూడా చెప్పానని అనుకోరా?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యకు అమ్మా."

*

గోతులు ఎంత లోతు తవ్వాలో, గాలి ఎటు వీస్తుందో, ఎవరికి జ్వరమొస్తే ఏ దారిన తీసుకెళ్ళాలో అన్నీ ముందే ఆలోచించే మనిషికి ఏమీ చెయ్యకపోవడం ఎంత పనో ఆ రెండ్రోజుల్లో తెలిసింది. నిట్రాట ఎదురైతే క్షమించమని అడగాలనిపించేది. అడిగితే ఆ సంగతి మళ్ళీ వెలుగులోకి లాగినట్టే. తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా ఉండాలో ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. దళం వరసలో నిలబడ్డప్పుడు ఒక్కమాట మాత్రం అంది: "గుడారంలో ఎవరు ఎక్కడ పడుకోవాలో ఇకనుంచి గుడారంలో వాళ్ళే చూసుకుంటారు. నేను కలగజేసుకోను." నిట్రాట వంక చూడకుండా అనగలిగింది. అంతవరకే సాధించింది.

పొరుగు దళం ఆవిడ ఫోన్ చేసింది, ఎన్ని తాళ్ళు కొనాలో చెప్పమని.

"ఆ పద్ధతి వద్దండీ," అందామె. "మానేశాం."

"అయ్యో, ఎందుకు? ఎవరైనా ఏడ్చారా?"

"ఏడ్చి ఉంటే బాగుండేది. ముందే తెలిసేది." అదేమిటని అటువైపావిడ అడిగేలోగా ఆమే అంది, "ఆ రోజు మధ్యలో నిలబడ్డ అమ్మాయి ఎవరని అడిగారు కదా? మా అమ్మాయే."

ఆ సాయంత్రం జట్టు నాయకుల సభ. కూతురు వస్తుందో రాదో ఆమె అడగలేదు. మైదానంలో బస్సు మామయ్యతో కలిసి గుడారం గుడ్డను గడ్డి మీద పరిచి, కుట్లు ఊడాయేమో వేలితో తడుముతుంటే, గేటు చప్పుడైంది. కూతురు ఒక్కతే వచ్చింది. అమ్మ వైపు చూడకుండా సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కాసేపటికి లోపల గొంతులు లేచాయి. పిచ్చుక గొంతు. ఇంకెవరిదో. తర్వాత ఒకే గొంతు, సన్నగా, ఆగి ఆగి. ఎవరిదో ఆమెకు తెలుసు. ఏమంటోందో ఇంకాస్త దగ్గరైతే తెలుస్తుంది. కుట్టు చూసే వంకతో నాలుగడుగులు చాలు.

"గుడ్డని అటు ఎండలోకి లాగుదాం మామయ్యా."

"ఎండెక్కడుందమ్మా? పొద్దు గుంకుతోంటే!"

"అటు లాగుదాం."

మామయ్య ఒకసారి తలుపు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. "లాగుదాంలే," అన్నాడు. "బస్సు నడిపేటప్పుడు నేనూ అద్దం తిప్పేసుకునేవాణ్ణి, వెనక సీట్లో కుర్రకారు కూర్చుంటే. లేకపోతే రోడ్డు కనపడదు." ఇద్దరూ కలిసి బరువైన ఆ గుడ్డను మైదానం అటు కొసకు ఈడ్చుకెళ్ళారు. అక్కడికి ఏమీ వినిపించలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కుట్టు వెంట వేలు నడుపుతూనే ఉంది. ఎక్కడ ఊడిందో, ఎక్కడ బాగుందో కళ్ళకు ఆనడం లేదు.

తలుపు తెరుచుకుంది. అమ్మాయిలు ఒక్కొక్కరే బయటికొచ్చి సైకిళ్ళెక్కారు. ఎవరి మొహంలోనూ ఏమీ చదవకూడదని ఆమె తల తిప్పుకుంది.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. మందుల కొట్టు దాటారు. కూతురే అంది.

"ఏం జరిగిందో అడగవా?"

"అడగను."

"నేను క్యాంపుకి వస్తున్నాను. నిట్రాట కూడా. అంతవరకే చెప్తాను."

"చాలు."

ఇంకాస్త దూరం నడిచారు. ఆమె నాలుక మీద ప్రశ్నలు చీమల్లా పాకుతున్నాయి. ఎవరి గుడారం, ఎవరేమన్నారు, ఏడ్చావా. పళ్ళు బిగించుకుని నడిచింది. పక్కన కూతురి అడుగుల చప్పుడు మాత్రమే వింటూ నడిస్తే, అందులో ఏదో తేడా తెలిసింది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు కాస్త ఆగి.

"కుంటుతున్నావా?"

కూతురు అడుగు నెమ్మది చేసింది. ఇది అడగాల్సిన ప్రశ్నేనా కాదా అని చూసుకుంటున్నట్టు.

"బూటు బిగుతైపోయింది," అంది చివరికి. "బొటనవేలు నొక్కేస్తోంది."

ఆమె ఆగి, దీపం కింద, దారినపోయేవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్తుంటే, నేల మీద మోకరిల్లింది. బూటు ముందు భాగం వేలితో నొక్కి చూసింది. బొటనవేలు కొసకు ఆనుకుని, మడతపడి, ఇంకెక్కడికీ వెళ్ళలేక ఉంది. పాదం ఎప్పుడింత పెరిగింది?

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"చెప్పలేదేం?"

"చెప్పానమ్మా," అంది కూతురు.